వాల్వ్ బాగానే ఉంది, మామ్మగారు మాత్రం మూడుసార్లు తిరిగొచ్చారు

పర్లాకిమిడిలో నాది పన్నెండు పడకల ఆసుపత్రి. జనరల్ మెడిసిన్ చేస్తాను, గుండె స్పెషలిస్టును కాను. ఇటు కాశీనగర్, గుమ్మ వైపు నుంచీ, అటు సరిహద్దు దాటి పాతపట్నం, మెళియాపుట్టి నుంచీ మనుషులు వస్తారు. చాలామందికి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. గుండెకు పెద్ద పని ఏదైనా పడితే బరంపురమో విశాఖో వెళ్తారు, విశాఖ అంటే కారులో నాలుగు గంటల పైమాటే. అక్కడ పని అయ్యాక మళ్ళీ మా దగ్గరికే వస్తారు. ఈ కేసు అలా వచ్చిన ఒక మామ్మగారిది. గుండెకు కొత్త వాల్వ్ వేయించుకున్నాక 37 రోజుల్లో మూడుసార్లు ఆసుపత్రిలో చేరారు. మూడుసార్లూ మేం ముందు వాల్వ్ వైపే చూశాం, మూడుసార్లూ వాల్వ్ చక్కగా పనిచేస్తోంది. రెండో అడ్మిషన్ మొదటి డిశ్చార్జి కాగితంలోంచి పుట్టిందని, మూడోది రెండో డిశ్చార్జి కాగితంలోంచి పుట్టిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అందుకే రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

ముందు సంగతి

మామ్మగారికి డెబ్బై దాటాయి. చిన్నకొడుకు కుటుంబంతో పల్లెలో ఉంటారు, పెద్దకొడుకు హైదరాబాద్‌లో. రెండేళ్ళుగా ఆయాసం. కట్టెల పొయ్యి దగ్గర జీవితమంతా గడిపిన మనిషి కాబట్టి ఊపిరితిత్తులే అనుకుని నేను కొన్నాళ్ళు ఇన్‌హేలర్ కూడా ఇచ్చాను. ఒకరోజు గుడి మెట్లు ఎక్కుతూ స్పృహ తప్పి పడిపోయారు. ఆ రోజు ఛాతీ మీద వినిపించిన శబ్దం మెడ దాకా పాకింది. ఎకో (గుండె స్కాన్) చేస్తే, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే తలుపు, అయోర్టిక్ వాల్వ్, బాగా మూసుకుపోయింది, వైశాల్యం 0.7 చదరపు సెంటీమీటర్లు (1 కంటే తగ్గితే తీవ్రం అంటాం), వాల్వ్‌కు అటూ ఇటూ సగటు ప్రెషర్ తేడా 52 (40 దాటితే తీవ్రమే). గుండె పంపింగ్ బాగుంది కానీ గోడ 15 మిల్లీమీటర్లు మందమైపోయింది. ఏళ్ళ తరబడి సన్నని సందులోంచి రక్తాన్ని తోసీ తోసీ కండ అలా గట్టిపడుతుంది. ఈ మందం గురించి తర్వాత మళ్ళీ చెప్తాను, కథంతా అక్కడే ఉంది.

ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయించుకునే ఒళ్ళు కాదు ఆవిడది. అందుకని తొడ దగ్గరి రక్తనాళంలోంచి గొట్టం పంపి కొత్త వాల్వ్‌ను పాతదాని లోపలే విప్పే పద్ధతి, టావీ అంటారు, అది చేయాలని విశాఖలో నిర్ణయించారు. 2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలాన్ క్రిబియే అనే డాక్టరు మొదటిసారి మనిషికి చేసిన పద్ధతి ఇది. మొదట్లో ఆపరేషన్‌కు అసలు పనికిరాని వాళ్ళకే చేసేవారు, ఇప్పుడు పెద్ద వయసు వాళ్ళకు మామూలైపోయింది. ఖర్చు పదిహేను లక్షలు దాటింది, పెద్దకొడుకు పెట్టుకున్నాడు.

ప్రొసీజర్ బాగా జరిగింది. ఒక్కటే కొత్త విషయం, ఈసీజీలో లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ వచ్చింది. గుండెకు కరెంటు మోసే దారి సరిగ్గా ఆ వాల్వ్ పక్కనుంచే పోతుంది, కొత్త వాల్వ్ ఒరుసుకుంటే ఆ దారి దెబ్బతినొచ్చు. కొందరికి పేస్‌మేకర్ దాకా వెళ్తుంది, కొందరికి ఇంటికెళ్ళిన తర్వాత కూడా బ్లాక్ ముదురుతుంది. మూడు రోజులు మానిటర్ మీద పెట్టి, ఏమీ లేదని ఐదో రోజు ఇంటికి పంపారు. మందులు ఆస్పిరిన్ 75, బీపీ మాత్ర టెల్మిసార్టన్, కొలెస్ట్రాల్ మాత్ర, నీరు తీసే మాత్ర టోర్సెమైడ్ 20. బరువు 51 కిలోలు, పాదాల్లో కాస్త వాపు ఇంకా ఉంది. తొడ దగ్గర గాయం మానేదాకా గొంతుక్కూర్చోవద్దు, బరువులెత్తవద్దు అని చెప్పారు. డిశ్చార్జి సమ్మరీ నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లీషులో.

మొదటిసారి: 11వ రోజు

రాత్రి రెండింటికి తీసుకొచ్చారు. పడుకోలేకపోతున్నారు, కూర్చుంటేనే ఊపిరి. ఆక్సిజన్ 88, బీపీ 160, ఊపిరితిత్తుల్లో కింది నుంచి సగం దాకా నీటి చప్పుడు, మోకాళ్ళ దాకా వాపు. స్ట్రెచర్ మీద వచ్చారు కాబట్టి బరువు చూడలేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, తర్వాత నన్ను బాగా ఏడిపించింది.

నా మొదటి భయం వాల్వ్ జరిగిందేమో, లేదా పక్కల నుంచి బాగా లీకవుతోందేమో అని. ఎకో చేసి వీడియో విశాఖ డాక్టరుగారికి పంపాను. ప్రెషర్ తేడా 9, అంటే వాల్వ్ బ్రహ్మాండంగా తెరుచుకుంటోంది, పక్కన లీకు ఉంది కానీ కొంచెమే. నీరు తీసే ఇంజెక్షన్ ఫ్యురోసెమైడ్ ఇస్తే మూడు రోజుల్లో తేలికపడ్డారు.

డిశ్చార్జి రోజు నేను ఆలోచించింది ఇలా. గోడ మందంగా ఉన్న గుండె, దానికి తోడు చిన్న లీకు, 20 టోర్సెమైడ్ చాలలేదు, పెంచాలి. ఫ్యురోసెమైడ్ 40 రోజుకు రెండుసార్లు రాశాను. నీళ్ళు లీటరుకు మించి తాగవద్దని, ఉప్పు తగ్గించమని చెప్పాను. లెక్కప్రకారం తప్పు లేదు. టోర్సెమైడ్ 20 నోటితో వేసుకుంటే ఫ్యురోసెమైడ్ 40తో దాదాపు సమానం, కాబట్టి 40ని 80 చేస్తున్నానని అనుకున్నాను.

రెండు పనులు చేయలేదు. పాత టోర్సెమైడ్ ఆపమని కాగితం మీద రాయలేదు, అది నా మనసులోనే ఉండిపోయింది. ఆ 20 మాత్ర అసలు వేసుకున్నారా అని మామ్మగారిని అడగలేదు. కొడుకుని అడిగాను, "అన్నీ వేస్తున్నాం సార్" అన్నాడు. అతను ఉదయం ఆరింటికే పనికి వెళ్ళిపోయే మనిషి. మాత్ర వేసేది అతను కాదని నాకు తట్టలేదు.

రెండోసారి: 23వ రోజు

తెల్లవారుజామున పెరటి గుమ్మం దగ్గర తూలి పడిపోయారు. బీపీ 84, నాలుక ఎండిపోయింది, మాట నెమ్మదిగా వస్తోంది. ఈసీజీలో అదే పాత బ్లాక్, పీఆర్ (పై గదుల నుంచి కింది గదులకు కరెంటు చేరే సమయం) కాస్త సాగింది. నాడి నిమిషానికి 58. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2 ఉండేది 2.1 అయింది, సోడియం 126కి పడిపోయింది.

ఇక్కడ రెండు దారులు ఉన్నాయి, రెండూ నమ్మదగ్గవే. ఒకటి, ఒంట్లో నీరు మరీ ఎక్కువగా పోయి బీపీ పడిపోయింది. ల్యాబ్ రిపోర్టులు అదే చెప్తున్నాయి. రెండోది, టావీ తర్వాత ఆలస్యంగా వచ్చే పూర్తి హార్ట్ బ్లాక్, అంటే ఆ కరెంటు దారి పూర్తిగా తెగిపోవడం. కొత్త బండిల్ బ్లాక్ ఉన్న మనిషి నెల లోపల పడిపోతే దాన్ని పక్కన పెట్టే ధైర్యం నాకు లేదు. బ్లాక్ వచ్చి కాసేపటికి పోతే తర్వాత తీసిన ఈసీజీలో కనిపించదు కూడా. నా దగ్గర తాత్కాలిక పేస్‌మేకర్ లేదు. మొదటిదే నిజమని నాకు ఎనభై శాతం అనిపించినా, రెండోది నిజమై నేను ఇక్కడే ఉంచుకుంటే మళ్ళీ సరిచేసుకునే అవకాశం ఉండదు. సెలైన్ నెమ్మదిగా ఎక్కిస్తూ, సిస్టర్‌ని తోడిచ్చి విశాఖ పంపించాను. అది అనవసర ఖర్చని కుటుంబంలో ఒకాయన తర్వాత కోప్పడ్డారు. ఈ రోజు అదే పరిస్థితి వస్తే ఇప్పుడూ పంపుతాను.

విశాఖలో 72 గంటలు మానిటర్ చేశారు, గుండె కాసేపు ఆగిన పాజ్ ఒక్కటి కూడా లేదు. చేరినప్పుడు బరువు 46. 51 నుంచి 46! సెలైన్‌తో కోలుకుని 49 దగ్గర ఇంటికి పంపారు, క్రియాటినిన్ 1.3. నీరు తీసే మాత్రలన్నీ ఆపారు. నీళ్ళు బాగా తాగండి, నీరసంగా ఉంటే ఓఆర్ఎస్ తాగండి అన్నారు. ఆ రోజుకు అది సరైన సలహానే. ఎన్నాళ్ళు, ఎంత, ఎప్పుడు ఆపాలి అన్నది మాత్రం ఎక్కడా లేదు.

ఉద్దానం మాకు పక్కనే. కవిటి, సోంపేట, మందస నుంచి కిడ్నీ పాడైన వాళ్ళను ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. అలాంటి చోట ఉండి, నీరు తీసే మాత్ర పెంచి వారంలో ఒకసారి క్రియాటినిన్, సోడియం చూడాలని కాగితం మీద రాయకుండా పంపేశాను. ఆవిడ పడిపోయేదాకా ఎవరూ రక్తపరీక్ష చేయలేదు. ఈ కేసులో నాకు ఇప్పటికీ బాధ అనిపించేది ఇదే.

మూడోసారి: 37వ రోజు, అప్పుడు విప్పిన సంచి

మళ్ళీ ఆయాసం, మళ్ళీ వాపులు. ఈసారి గుమ్మంలోనే బరువు చూశాం, 55.5. పద్నాలుగు రోజుల్లోపే ఆరున్నర కిలోలు. ఎకో మళ్ళీ అదే, వాల్వ్ బాగుంది, లీకు పెరగలేదు. క్రియాటినిన్ 1.6.

వాల్వ్ బాగుంది, పంపింగ్ బాగుంది, ఈసీజీ మారలేదు. ఒక మనిషి 46 కిలోలకు ఎండిపోయి, రెండు వారాలకే 55కి ఉబ్బిపోవడం గుండె ఒక్కటే చేసే పని కాదు. ఎవరో బయటి నుంచి అటూ ఇటూ తోస్తున్నారు. ఆ ఎవరో మేమేనేమో అన్న అనుమానం అప్పుడు వచ్చింది.

ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక్కటి కూడా వదలకుండా సంచిలో వేసి తెమ్మన్నాను. కొడుకుని కాదు, కోడల్ని రమ్మన్నాను. సిస్టర్ తలుపు దగ్గరగా వేసి మామ్మగారి పక్కన కూర్చుంది. "మాత్రలు వేసుకుంటున్నారా" అని అడగొద్దని, "మామ్మా, ఏ మాత్ర అంటే మీకు ఇష్టం లేదు" అని అడగమని చెప్పాను.

మామ్మగారు చెప్పింది విన్నాక సిస్టర్ నన్ను లోపలికి పిలిచింది. "ఆ తెల్ల మాత్ర ఏస్తే పొద్దున్నే నాలుగుసార్లు పెరట్లోకెళ్ళాల బాబూ. తొడకాడ పొడిసినారు, గొంతుక్కూకోవద్దన్నారు. మరెలాగెల్తాను? కోడలు పిల్ల ఎత్తుకుని తీసుకెల్తాదా? అందుకని చెంగున కట్టి పారేసేదాన్ని."

అంటే విశాఖ నుంచి ఇంటికొచ్చాక మొదటి అడ్మిషన్ దాకా ఆవిడ టోర్సెమైడ్ ఒక్కటీ వేసుకోలేదు. నేను చాలలేదనుకున్న మందు ఆవిడ ఒంట్లోకి అసలు వెళ్ళలేదు. మొదటి అడ్మిషన్ తర్వాత కోడలు భయపడిపోయి, దగ్గర నిలబడి, నీళ్ళ గ్లాసు చేతికిచ్చి, మింగేదాకా చూసి మరీ వేయడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి తప్పు ఒక్కటీ లేదు. విశాఖ కాగితంలో ఉన్నదీ వేసింది, నా కాగితంలో ఉన్నదీ వేసింది. పేర్లు వేరు, రంగు వేరు, పని ఒకటే. నేను 40 నుంచి 80 చేశానని అనుకున్నాను, నిజంగా జరిగింది సున్నా నుంచి 120. దానికి తోడు లీటరు నీళ్ళే. పడిపోకుండా ఎలా ఉంటారు?

ఆ తర్వాతి రెండు వారాల సంగతి సంచి అడుగున ఉంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఖాళీవి చాలా. బీపీ తక్కువైంది అన్నారు కదా అని రోజుకు రెండు కలిపి తాగించారు. ఒక లీటరు ప్యాకెట్‌లో 75 మిల్లీమోల్స్ సోడియం ఉంటుంది. రెండంటే దాదాపు తొమ్మిది గ్రాముల ఉప్పు తిన్నట్టే. అన్నంలో, కూరల్లో తినే ఉప్పంతా కలిపి రోజుకు ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. విరేచనాలకు ప్రాణం పోసే ప్యాకెట్ ఈ గుండెకు సరిపడలేదు. పైగా ఎండాకాలం. మా వైపు తెలుగు ఇళ్ళల్లోనూ పఖాళ తింటారు, రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టి, మర్నాడు ఉప్పు వేసుకుని, పక్కన ఎండుచేప కాల్చుకుని. నీరసంగా ఉన్న ముసలమ్మకు ఆ పులిసిన తరవాణి నీళ్ళలో ఇంకాస్త ఉప్పు వేసి ఇవ్వడం ఇక్కడ ప్రేమగా చూసుకోవడమంటే. ఇంకో స్ట్రిప్ కూడా దొరికింది. పడినప్పుడు మోకాలు కొట్టుకుంది, మందుల షాపులో అడిగి ఎసిక్లోఫెనాక్ రోజుకు రెండు వేసుకున్నారు. ఆ రకం నొప్పి మాత్రలు ఉప్పునూ నీటినీ ఒంట్లో పట్టి ఉంచుతాయి. అప్పటికే టెల్మిసార్టన్ వాడుతున్న మనిషికి, అందులోనూ ఒకసారి దెబ్బతిన్న కిడ్నీకి, అవి ఇంకా చెడ్డవి.

ఇప్పుడు ఆ 15 మిల్లీమీటర్ల గోడ దగ్గరికి వస్తాను. వాల్వ్ ఒక్కరోజులో మారుతుంది, గోడ మారదు, పల్చబడటానికి నెలలు పడుతుంది. గట్టిపడిన గుండె సాగదు. కాస్త నీరు ఎక్కువైతే లోపల ఒత్తిడి అమాంతం పెరిగి ఊపిరితిత్తుల్లోకి తన్నుతుంది, కాస్త తగ్గితే గది నిండక బీపీ పడిపోతుంది. మామూలు గుండె మూడు నాలుగు కిలోల తేడాను ఎలాగో ఓర్చుకుంటుంది, ఈ గుండెకు ఆ వెసులుబాటు లేదు. అలాంటి మనిషిని నేను ఒకవైపు తోశాను, విశాఖ వాళ్ళు రెండోవైపు తోశారు, ఎవరి రోజున వాళ్ళు చేసింది సరిగ్గానే ఉంది.

2013లో అమెరికాలో టావీ చేయించుకున్న వాళ్ళ లెక్కలు తీస్తే, నెల లోపల మళ్ళీ ఆసుపత్రిలో చేరినవాళ్ళు నూటికి 18 మంది దగ్గర తేలారు, వాళ్ళలో సగానికి పైగా గుండెకు సంబంధం లేని కారణాలతో. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఎకో ప్రోబ్ చేతిలో పట్టుకుని వాల్వ్ దగ్గరే వెతుకుతూ కూర్చున్నాను.

ఫలించనివి

మూడో డిశ్చార్జికి ముందు సరైన బరువు ఎంతో తేల్చాలి. 46 దగ్గర ఎండిపోయారు, 55 దగ్గర మునిగిపోయారు, 51 దగ్గర పాదాల్లో వాపు ఉంది, 49 దగ్గర విశాఖ నుంచి బాగానే వెళ్ళారు. నెమ్మదిగా నీరు తీస్తూ 49.5కి తెచ్చి రెండు రోజులు ఉంచాను. వెల్లకిలా పడుకోగలిగారు, లేచి నిలబడితే బీపీ పడలేదు, క్రియాటినిన్ 1.3. సరే, ఇదే. టోర్సెమైడ్ 10 మాత్రమే, పొద్దున ఏడింటికి, నీరు తీసే మాత్ర ఇంకేదీ లేదు. ఎక్కువ మోతాదు ఎందుకు పెట్టలేదంటే, ఈవిడకు మందు చాలలేదని ఇప్పటిదాకా ఒక్కసారి కూడా రుజువు కాలేదు. అసలు వేసుకోకపోతే ఏమైందో తెలుసు, ఎక్కువ వేస్తే ఏమైందో తెలుసు, సరైన మోతాదు సరిగ్గా వేస్తే ఏమవుతుందో ఎవరూ చూడలేదు.

బరువు మెషీన్ కొనిపించి, రోజూ రాయడానికి చార్టు ఇచ్చాను. పైన పెద్దగా 49.5 అని రాసి చుట్టూ గుండ్రంగా గీశాను. ఆరు రోజుల తర్వాత చార్టు చూస్తే ఆరు రోజులూ 49.5. కాళ్ళు చూస్తే వాపు మొదలైంది. మా మెషీన్ మీద 51.2. కోడల్ని అడిగితే ఎంతో అమాయకంగా, "మీరే గదా బాబూ అంత ఉండాలన్నారు, అందుకే అదే రాస్తన్నాను" అంది. ముల్లు ఇంకోచోట ఉంటే చార్టు పాడైపోతుందేమో, డాక్టరుబాబు కోప్పడతారేమో అనుకుంది. ఉండాల్సిన అంకె ముందే చెప్పి, దాని కింద గళ్ళు ఖాళీగా ఇస్తే ఎవరైనా అదే నింపుతారు.

రోజూ ఫోన్ చేసి కనుక్కుందామని మొదట పెద్దకొడుకు నంబరు పెట్టుకున్నాం, డబ్బు పెట్టింది అతను కాబట్టి. హైదరాబాద్ నుంచి అతను తల్లికి ఫోన్ చేస్తాడు, ఆవిడ బాగానే ఉన్నాను నాయనా అంటుంది, అతను మాకు బాగానే ఉంది అంటాడు. కొడుకు దిగులు పడతాడని ఏ తల్లి నిజం చెప్తుంది? ఆ ఫోన్లు వారంలో మానేశాం.

లీటరు సీసా పద్ధతి మొదటిసారే విఫలమైంది, అది ఎందుకో ఇప్పుడు తెలిసింది. సీసాలో నీళ్ళు లీటరే తాగారు. చోడి అంబలి, మజ్జిగ, తరవాణి, టీ లెక్కలోకి రాలేదు, ఎందుకంటే నేను నీళ్ళు అన్నాను, అవి నీళ్ళు కావు. ఉప్పు తగ్గించమంటే కూరలో నిజంగానే తగ్గించారు. ఎండుచేపలో ఉన్నది చేపలో ఉన్నట్టే ఉంది.

ఒక ఆదివారం వాళ్ళింట్లో

ఇక లాభం లేదని ఒక ఆదివారం సిస్టర్‌ని తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. గంటన్నర ఉన్నాం. నా ప్రాక్టీసులో అంత ఉపయోగపడిన గంటన్నరలు తక్కువ.

పెరట్లో మరుగుదొడ్డి ఇంటికి ఇరవై అడుగుల దూరం, మధ్యలో రెండు మెట్లు, నేల మీద కూర్చునే రకం. రాత్రి లైటు లేదు. 23వ రోజున పడింది ఆ గుమ్మంలోనే. మర్నాడే కమోడ్ కుర్చీ తెప్పించాను, రెండు వేల లోపే అయింది, మంచం పక్కనే పెట్టారు. ఆ రోజు నుంచి మామ్మగారు మాత్ర చెంగున కట్టడం మానేశారు. ఐదో రోజు డిశ్చార్జిలోనే ఎవరైనా మీ ఇంట్లో దొడ్డి ఎక్కడుంది అని అడిగి ఉంటే మొదటి అడ్మిషనే ఉండేది కాదని నా నమ్మకం.

బరువు మెషీన్ మట్టి అరుగు మీద ఉంది, ఒకవైపు వంగి. నాపరాయి పలక ఒకటి వేయించి, దాని మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీశాం. రాసే పని కోడలి నుంచి తీసి తొమ్మిదో తరగతి చదివే మనవడికి ఇచ్చాం. రాయనవసరం లేదు, పొద్దున మాత్రకు ముందు మామ్మ మెషీన్ మీద నిలబడగానే ముల్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాలి. ఉండాల్సిన అంకె వాడికి చెప్పలేదు. అది సిస్టర్ దగ్గర ఉంటుంది. రెండు రోజులు వరసగా 51 దాటితే ఆ రోజుకు టోర్సెమైడ్ 20, 48 కంటే దిగితే ఆ రోజు మాత్ర ఆపి నాకు ఫోన్. మోతాదు మార్చేది మేమే, ఇంట్లో వాళ్ళు కాదు.

కాగితం ఎవరి కోసం రాయాలన్నది కూడా అక్కడే తేలింది. కొడుకు ఒడియా మీడియం, తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. కోడలిది శ్రీకాకుళం వైపు, ఏడో తరగతి దాకా తెలుగు చదివింది, ఒడియా రాదు. మనవడు ఒడియా, కొంచెం ఇంగ్లీషు. నాలుగు పేజీల ఇంగ్లీషు సమ్మరీ ఆ ఇంట్లో ఎవరికీ అందలేదు. ఒకే కాగితం మీద ముందువైపు తెలుగు, వెనకవైపు ఒడియా, చేతిరాతతో రాశాం. ఏయే మాత్రలు వేయాలి అన్నదాని కంటే పెద్ద అక్షరాలతో, ఏవి ఇక వేయకూడదు అన్నది. పాత స్ట్రిప్పులన్నీ సిస్టర్ తిరిగి తెచ్చేసింది. ఇంట్లో లేని మాత్రను పొరపాటున వేసే ప్రమాదం ఉండదు.

తిండి విషయంలో కోడలితో కూర్చుని వంటింట్లోనే మాట్లాడాం. పఖాళ మానేయమని చెప్పలేదు. ఎండల్లో, పళ్ళు సరిగా లేని మనిషికి అదే దిగేది, మానమంటే చాటుగా తింటారు. ఒక గిన్నె, ఉప్పు వేయకుండా, నిమ్మకాయ పిండి, పచ్చిమిరపకాయ నంజుకుని. ఎండుచేప బదులు దొరికిన రోజు పచ్చి చేప. పచ్చడి వారానికి రెండుసార్లు, చిటికెడు. ద్రవాలకు ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసే కొలత, అంబలి అయినా మజ్జిగ అయినా టీ అయినా రోజుకు ఏడు గ్లాసులు. గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంటామని మామ్మగారే అన్నారు. మోకాలికి పారాసిటమాల్, వేడి కాపడం. మందుల షాపతను మాకు తెలిసినవాడే, అతనికి కూడా ఒక మాట చెప్పాం.

చివరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. విశాఖ డాక్టరుగారితో ఫోన్‌లో మాట్లాడి, నీరు తీసే మాత్ర మార్చే పని ఒక్కరిదే అని అనుకున్నాం. అది నాది, ఎందుకంటే బరువు ఫొటో వచ్చేది నాకు. వాల్వ్, ఈసీజీ, ఆస్పిరిన్ ఆయనవి. ఆయన ఏదైనా మార్చాలనుకుంటే నాకు చెప్తారు, నేను రాస్తాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, అంతే.

తర్వాత

ఆదివారం వెళ్ళి వచ్చి ఐదు నెలలు దాటింది. మళ్ళీ అడ్మిషన్ లేదు. ఒక్కసారి అనుమానం వచ్చింది, ఊళ్ళో అమ్మవారి సంబరం. చుట్టాలు, పిండివంటలు, వేట మాంసం. మూడో రోజు ఫొటోలో ముల్లు 51.8. సిస్టర్ ఫోన్ చేస్తే మనవడు ముందే అన్నాడు, "మామ్మ పులిహోర రెండుసార్లు తిన్నాది." రెండు రోజులు 20 ఇచ్చాం, నాలుగో రోజుకు 50. పాత పద్ధతిలో అయితే ఆ వారాంతానికి మళ్ళీ రాత్రి రెండింటికి స్ట్రెచర్ మీద వచ్చేవారు.

మొదటి నెల వారానికోసారి, తర్వాత నెలకోసారి క్రియాటినిన్, సోడియం చూస్తున్నాం. 1.2, 1.3 మధ్య ఉంటోంది. ఆరో నెల ఎకోలో గోడ 13కి వచ్చింది, ఈ మధ్య మామ్మగారు ఒక కిలో అటూ ఇటూ అయినా తట్టుకోగలుగుతున్నారు. బండిల్ బ్లాక్ అలాగే ఉంది, మూడు నెలలకోసారి ఈసీజీ.

ఇప్పుడు ఎదురుగా ఉన్న పని పన్ను. కింద దవడ పన్ను ఒకటి కదులుతోంది, ఊరి సంతలో పీకేవాడు ఒకడున్నాడు, అక్కడికి వెళ్దామనుకున్నారట. కొత్త వాల్వ్ ఉన్న మనిషికి పన్ను తీసే ముందు యాంటీబయాటిక్ ఇవ్వకపోతే నోట్లోని క్రిములు రక్తంలో కలిసి వాల్వ్ మీద చేరే ప్రమాదం ఉంది. గంట ముందు అమోక్సిసిలిన్ 2 గ్రాములు, పెన్సిలిన్ పడని వాళ్ళయితే వేరే మందు. ఆ కాగితం కింద, తెలుగులోనూ ఒడియాలోనూ, ఎర్ర పెన్నుతో ఇంకో వరస రాయించాను, పన్ను ముట్టుకునే ముందు ఫోన్ చేయండి అని. నిన్న కోడలు ఫోన్ చేసింది. వచ్చే మంగళవారం పర్లాకిమిడిలోనే డెంటిస్టు దగ్గర, నేను పక్కనే ఉంటాను.